సత్రం పక్కన హోటలు

మన స్టూడెంట్స్ యూనియన్ సెక్రటరీ ఫోన్ చేసి, "సార్, మీరు ఈ కాలేజీ పాత విద్యార్థులు, బ్యాంకులో ముప్ఫై అయిదేళ్ళు పని చేశారు, ఈ ఏడాది సావనీరుకి ఏదైనా వ్రాసివ్వాలి" అన్నాడు. ఏం వ్రాయమంటావని అడిగితే "కుర్రాళ్ళకి పనికొచ్చేది" అన్నాడు. పనికొచ్చేది అంటే నీతులే కాబోలునని భయపడ్డాను. నీతుల వ్యాసం ఎవరూ చదవరు. నా రోజుల్లో సావనీరు చేతికి రాగానే గ్రూపు ఫోటోలో నా మొహం ఎక్కడుందో వెతుక్కుని, కార్టూన్లు చూసి, పుస్తకాన్ని ట్రంకు పెట్టె అడుక్కి తోసేసేవాణ్ణి. అందుచేత నీతులు మానేసి, కొన్నాళ్ళుగా నాకు నిద్ర పట్టనివ్వని ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను. సందేహం నాదే అయినా, కాస్త తిరగేసి చూస్తే అది మీది కూడాననిపిస్తుంది. అదెలాగో చివర్లో మనవి చేస్తాను.

సంగతి ఇదీ. హాస్టల్లో నా రూమ్మేటుగా ఉన్న మిత్రుడి కొడుకు హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. దాని పేరు చెప్పను, పేరుతో పని లేదు. మందుల షాపులకి కావలసిన సాఫ్ట్‌వేర్ తయారు చేస్తారు. బిల్లు కొట్టడం, సరుకు లెక్క చూడడం, ఏ మందుకి గడువు ఎప్పుడు తీరుతుందో ముందుగా హెచ్చరించడం దాని పని. ఇరవై ఇద్దరు ఉద్యోగులున్నారు. వాళ్ళలో ఇద్దరు మన కాలేజీ పిల్లలే. నేను రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి అయిదు లక్షలు తీసి అందులో షేర్లుగా పెట్టాను. మా ఆవిడ "ఫిక్సెడ్ డిపాజిట్ వేసుకోక ఈ వయసులో ఈ సాహసం ఎందుకండీ" అంది. "పెట్టుబడుల సంగతి నాకు చెబుతావా?" అన్నాను. ఇప్పుడా మాట గుర్తొస్తే కొంచెం సిగ్గుగానే ఉంది. బ్యాంకులో ఉన్నంతకాలం నేను పరుల సొమ్ము అప్పుగా ఇచ్చాను గాని, నా సొమ్ము పెట్టుబడిగా పెట్టలేదు. రెండింటికీ చాలా తేడా ఉంది సుమా!

మొన్న సంక్రాంతికి ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. అరిసెలు తిన్నాడు, కాఫీ తాగాడు, ఆ తరువాత మెల్లగా ఇంకో అయిదు లక్షలు కావాలన్నాడు. ఎందుకురా అంటే, ఫోన్లో డబ్బు చెల్లింపులు నడిపే ఒక పెద్ద కంపెనీ ఇప్పుడు దుకాణాలకి బిల్లింగు కూడా ఇస్తోందట.

"వాళ్ళది మన దాని ముందు నిలవదు బాబాయ్. మనది క్వాలిటీ" అన్నాడు.

"ఎంతకి ఇస్తున్నార్రా?"

"ఊరికే ఇస్తున్నారు."

"నువ్వో?"

"మనం ఏడాదికి ఆరు వేలు తీసుకుంటున్నాం."

అక్కడ మొదలైంది నా సందేహం. ఆ రాత్రి నాకు పుణ్యక్షేత్రాల్లో వీధులు గుర్తుకొచ్చాయి. దేవస్థానం వారి అన్నదాన సత్రం ఒకటి ఉంటుంది. దాని పక్కనే ఒక హోటలు ఉంటుంది. హోటలు యజమానిని కదిపితే, "సత్రం సాంబారు నీళ్ళ సాంబారండీ, మాది రుచి చూడండి" అంటాడు. నిజమే కావచ్చు. అసలు ప్రశ్న సాంబారు ఎవరిది బాగుందన్నది కాదు గదా! సత్రంలో పుణ్యానికి తిని కడుపు నిండినవాడు మళ్ళీ హోటలు మెట్లెక్కుతాడా, ఎక్కితే దేనికోసం ఎక్కుతాడు అన్నది ప్రశ్న. ఇది తేల్చుకోలేక, రిటైరైన మనిషిని, తీరిక ఉంది కనుక, ఇటువంటి చిన్న కంపెనీల పాత కథలన్నీ చదవడం మొదలుపెట్టాను.

అన్నిటికంటె పెద్ద కథ నెట్‌స్కేప్‌ది. ఇప్పటి విద్యార్థులకి ఆ పేరు తెలియకపోవచ్చు. మార్క్ ఆండ్రీసన్ అనే కుర్రవాడు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, అక్కడి మిత్రులతో కలిసి మొజాయిక్ అనే బ్రౌజరు తయారు చేశాడు. తరువాత, సిలికాన్ గ్రాఫిక్స్ స్థాపించిన జిమ్ క్లార్క్ అతనితో కలిసి 1994 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో కంపెనీ పెట్టాడు. పట్టుమని పదహారు నెలలు నిండాయో లేదో, 1995 ఆగస్టు 9న షేర్లు మార్కెట్‌కి వచ్చాయి. కంపెనీ ఒక్కొక్క షేరు 28 డాలర్లకి ఇచ్చింది. ఆ రోజు బేరం మొదలవడమే 71 డాలర్ల దగ్గర మొదలై, 75 దాకా ఎగబాకి, సాయంత్రానికి 58 డాలర్ల పావలా దగ్గర ఆగింది. అప్పటికి ఆ కంపెనీ లాభం ముఖం చూడలేదు! ఆరు రోజుల తరువాత, ఆగస్టు 15న, మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. వారు ఇంటర్నెట్‌ని ప్రజలకి అందుబాటులోకి తెచ్చారు. నేనప్పుడు ఒక బ్రాంచిలో లావుపాటి లెడ్జర్ల మధ్య కూర్చుని వడ్డీ లెక్కలు కట్టుకుంటున్నాను. ప్రపంచంలో ఏం జరుగుతోందో నాకేం తెలుసు?

నెట్‌స్కేప్ బ్రౌజరు నిజంగా మంచి సరుకు. అందులో ఎవరికీ అనుమానం లేదు. చదువుకునేవాళ్ళకి ఊరికే ఇచ్చినా, కంపెనీల దగ్గర డబ్బు తీసుకునేవారు. ఇంటర్నెట్ చూసేవారిలో అత్యధికులు దానితోనే చూసేవారు. అయితే, షేర్లు మార్కెట్‌కి వచ్చిన పదిహేను రోజులకే, ఆగస్టు 24న, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ 95 విడుదలైంది. బిల్ గేట్స్ అంతకుముందు మే నెలలోనే, ఇంటర్నెట్ ఒక ఉప్పెనలా వస్తోందని తన ఉద్యోగులకి పెద్ద లేఖ వ్రాసి ఉన్నాడు. డిసెంబరు 7న మైక్రోసాఫ్ట్ బహిరంగంగా రంగంలోకి దిగింది. వాళ్ళ బ్రౌజరు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మొదట్లో విడిగా ఉన్నా, త్వరలోనే విండోస్‌తో పాటే, పైసా లేకుండా వచ్చేసింది. కొత్త కంప్యూటరు కొన్నవాడికి అది పెట్టెలోనే ఉంది. ఇంకొకటి వెతుక్కుని తెచ్చుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

1998 జనవరి వచ్చేసరికి నెట్‌స్కేప్ ఉద్యోగుల్ని తగ్గించుకుంది, తన బ్రౌజరునీ ఊరికే ఇచ్చేస్తామని ప్రకటించింది. ఆ నవంబరులో ఏ.ఓ.ఎల్. కంపెనీ 420 కోట్ల డాలర్ల విలువైన తన షేర్లిచ్చి దాన్ని కొంటానంది. "మరి న్యాయస్థానాలు లేవా?" అంటారేమో. ఉన్నాయి. 1998 మేలో అమెరికా ప్రభుత్వమే మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. 2000లో కింది కోర్టు ఆ కంపెనీని రెండుగా విడగొట్టాలంది. 2001లో పై కోర్టు విడగొట్టక్కర్లేదంటూనే, గుత్తాధిపత్యం నిలుపుకోడానికి అక్రమ పద్ధతులు వాడిన మాట నిజమేనంది. తీర్పు బాగానే ఉంది. అప్పటికి నెట్‌స్కేప్ చేతులు మారి రెండేళ్ళు దాటిపోయింది.

కోర్టులో గెలిచిన చిన్నవాడి కథ ఇంకొకటి ఉంది. స్టాక్ ఎలక్ట్రానిక్స్ అని కాలిఫోర్నియా కంపెనీ. డిస్కుల ధర మండిపోయే రోజుల్లో, ఉన్న డిస్కులోనే సమాచారాన్ని కుదించి రెట్టింపు పట్టించే 'స్టాకర్' అనే సరుకు వాళ్ళది. 1993లో మైక్రోసాఫ్ట్ తన ఎం.ఎస్. డాస్ 6లో అటువంటి సౌకర్యమే కలిపేసింది. పేటెంటు మాదని స్టాక్ దావా వేసింది. 1994 ఫిబ్రవరిలో జ్యూరీ 12 కోట్ల డాలర్లు ఇప్పించమంది. ఆ వేసవిలోనే ఇద్దరూ రాజీ పడ్డారు, చిన్న కంపెనీకి డబ్బు ముట్టింది. అయితే ఏం? డాస్‌లోనే ఉన్నదాన్ని వేరే కొనేవాడెవడు? మన ఊళ్ళలో సామెత ఉందిగా, కోర్టులో గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని!

ఈ రెండు కథల్లోనూ నాకు కనిపించింది ఒకటే. ఆ చిన్న కంపెనీలు ఓడిపోయింది ప్రత్యర్థి పెద్దవాడు కావడం వల్ల మాత్రమే కాదు. హోటలుకి వెళ్ళే దారి సత్రం వాకిట్లోంచే ఉంది. నెట్‌స్కేప్ చాలామట్టుకు విండోస్ మీదే నడవాలి. స్టాకర్ చాలామట్టుకు డాస్ మీదే పని చెయ్యాలి. దారి ఎదుటివాడిది. ఆ దారి పొడుగునా వాడు పిలిచి పుణ్యానికి వడ్డిస్తున్నాడు. ఆ వడ్డించినది జనానికి సరిపోయింది. అదీ అసలు దెబ్బ.

"అయితే చిన్నవాడు ఎప్పుడూ ఓడవలసిందేనా? ఎన్విడియా సంగతో?" అని మా అబ్బాయి నన్ను నిలదీశాడు. ఈ రోజుల్లో ఎవర్ని కదిపినా ఆ పేరే. న్యాయమైన ప్రశ్న కనుక అదీ చదివాను. 1993లో ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీ అది. 1995లో వచ్చిన మొదటి చిప్పు దెబ్బతింది. జపానుకి చెందిన సెగా కంపెనీ ఇచ్చిన 50 లక్షల డాలర్లే ఊపిరి నిలబెట్టాయి. 1997లో వచ్చిన రీవా 128 తోటి నిలదొక్కుకుంది. మరుసటి సంవత్సరం సాక్షాత్తూ ఇంటెల్ తన ఐ740 చిప్పుతో అదే రంగంలోకి దిగింది. మదర్‌బోర్డూ ఇంటెల్‌దే, అంటే దారి కూడా పెద్దవాడిదే. అయినా ఇంటెల్ 1999లో ఆ విడి చిప్పుల పోటీ నుంచి తప్పుకుంది. ఎందుచేత? ఆటలాడే కుర్రవాళ్ళకి 'ఇక చాలు' అన్న మాట లేదు. ఈ ఏడాది బొమ్మ కంటె వచ్చే ఏడాది బొమ్మ ఇంకా బాగుండాలి. సత్రం భోజనం వాళ్ళ ఆకలికి ఆనలేదు. ఎన్విడియా ఆరేసి నెలలకో కొత్త చిప్పు తెస్తూ ఆ ఆకలికి వడ్డిస్తూ పోయింది.

కానీ ఇక్కడ ఒక మాట మరచిపోకూడదు. అదే కాలంలో అదే పని చేసిన కంపెనీలు డజన్ల కొద్దీ ఉన్నాయి. త్రీడీఎఫ్ఎక్స్ అప్పట్లో అందరికంటె పేరున్నది. 2000 డిసెంబరులో దాని ఆస్తుల్ని ఎన్విడియాయే కొనుక్కుంటానంది. రెండిషన్, నంబర్ నైన్ పేర్లు మీలో ఎందరు విన్నారు? గెలిచినవాడు ఉపన్యాసాలిస్తాడు, ఓడినవాడు ఇల్లు మారుస్తాడు. మనం ఉపన్యాసాలు మాత్రమే విని పెట్టుబడి పెడుతున్నాం.

మన దేశంలోనే మరొక కథ ఉంది, అది నాకు మరీ దగ్గరగా అనిపించింది. టాలీ పేరు తెలియని కామర్స్ విద్యార్థి ఉండడు. శ్యాంసుందర్ గోయెంకా గారికి తమ వ్యాపారానికి సరిపడే లెక్కల సాఫ్ట్‌వేర్ దొరకలేదు. దాంతో తండ్రీ కొడుకులు 1986లో బెంగుళూరులో సొంతంగా మొదలుపెట్టారు. ఒక్కొక్క ఖాతాకి ఒక్కొక్క కోడు నంబరు గుర్తుపెట్టుకునే బాధ లేకుండా, చిట్టా ఆవర్జా తెలిసిన గుమాస్తా ఎవడైనా కూర్చుని వ్రాసుకునేలా చేశాడు కొడుకు భరత్ గోయెంకా. ఆయనకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇన్‌ట్యూట్ అనే అమెరికా పెద్ద కంపెనీ తన క్విక్‌బుక్స్‌ని ఇక్కడా అమ్మి చూసి, 2023లో మన దేశంలో దాన్ని ఆపేసుకుంది. టాలీ మాత్రం వీధి వీధినా ఉంది. మన గుమాస్తా చేతి అలవాటు, మన పన్నుల తలనొప్పి, ఈ రెండూ దగ్గరుండి తెలిసినవాడు కనుక నిలిచాడు.

ఈ చదువంతా అయ్యాక పాత బ్యాంకు బుద్ధి నిద్ర లేచింది. అప్పిచ్చేముందు గోడౌన్ చూడకుండా సంతకం పెట్టని మనిషిని, నా సొంత డబ్బు విషయంలో కాగితాలు చూసి ఊరుకున్నానేమిటి? చెప్పులు వేసుకుని మా పట్నంలో ఆ సాఫ్ట్‌వేర్ వాడే మందుల షాపులు ఏడు తిరిగాను. ముగ్గురు అప్పుడే ఊరికే వచ్చేదానికి మారిపోయారు. "బిల్లు వస్తోంది, లెక్క వస్తోంది. ఇంకేం కావాలి సార్?" అన్నాడొకాయన. మిగతా నలుగురూ ఇంకా డబ్బు కడుతున్నారు. ఎందుకు కడుతున్నారని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన అరలోంచి ఒక అట్టపెట్టె తీసి చూపించాడు. గడువు దగ్గరపడ్డ మందులు. వాటిని వేళకి డిస్ట్రిబ్యూటరుకి తిప్పి పంపితే క్రెడిట్ నోటు వస్తుంది, వేళ మించితే చెత్తబుట్టే గతి. "ఈ పిల్లల మిషను మూడు నెలల ముందు నుంచీ నా ప్రాణం తీస్తుంది సార్, పంపించు పంపించు అని. ఊరికే వచ్చేది ఆ గోల పెట్టదు. పోయినేడు నాకు ఈ గోల వల్ల మిగిలింది ఆరు వేల కంటె చాలా ఎక్కువ" అన్నాడు.

ఆ మాటతో నా సందేహం తీరిందనుకోకండి. దానికో రూపం వచ్చింది, అంతే. బిల్లు కొట్టడంలో మావాడు పెద్ద కంపెనీతో పోటీ పడితే నా అయిదు లక్షలూ గోవిందా. ఆ అట్టపెట్టె వ్యవహారంలో నిలబడితే బతికే దారి ఉంది. కానీ రేపు పెద్ద కంపెనీవాడు ఆ గోల కూడా కలిపేస్తే? కలపడానికి వాడికి ఆరు నెలలు పడుతుందా, ఆరేళ్ళు పడుతుందా? నాకు తెలియదు. మావాడికీ తెలియదు. తెలుసని చెప్పకుండా ఉంటే చాలు.

చివరికి అబ్బాయికి ఒక ఉత్తరం వ్రాశాను. ఫోన్లో అయితే "అలాగే బాబాయ్" అని మరచిపోతాడని కాగితం మీదే వ్రాశాను. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. ఇవాళ్టి ఖర్చుకి చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలొస్తుంది? నీ సరుకు ఎవడి దారి మీద నడుస్తోంది, వాడు గేటు వేస్తే ఇంకో దారి ఉందా? పోయినేడు డబ్బు కట్టినవాళ్ళలో ఈ ఏడు ఎందరు మళ్ళీ కట్టారు? పెద్దవాడు ఊరికే ఇచ్చేది ఎక్కడ చాలదు? వీటికి జవాబు అంకెల్లో వచ్చేదాకా రెండో అయిదు లక్షలు ఇవ్వనన్నాను. మొదటి అయిదు లక్షలు వెనక్కి అడగనని కూడా వ్రాశాను. అడిగినా రావు గదా! ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ షేరు బజారులో అమ్ముకునేది కాదు. కొనేవాడు దొరికితేనే దిగగలం. ఎక్కేటప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

వాళ్ళ నాన్న, నా పాత రూమ్మేటు, నొచ్చుకున్నాడు. "ప్రోత్సహించవలసిన పెద్దవాడివి, అనుమానిస్తావా?" అన్నాడు. దీని గురించే నా అభిప్రాయం గట్టిగా చెప్పదలచుకున్నాను. అనుమానం శత్రుత్వం కాదు. చప్పట్లు కొట్టి డబ్బిచ్చి, మునిగాక తిట్టేవాడికంటె ముందే కూర్చోబెట్టి అడిగేవాడు ఆ కంపెనీకి ఎక్కువ మేలు చేస్తాడు. నెట్‌స్కేప్ షేరు మొదటి రోజున 75 డాలర్లకి ఎగబడి కొన్నవాళ్ళలో ఎంతమంది 'రేపు విండోస్‌వాడు ఇది ఊరికే ఇస్తే?' అని అడిగి ఉంటారు?

ఇప్పుడు మీ సంగతి. విద్యార్థి మిత్రులారా, "మా దగ్గర పెట్టుబడి ఎక్కడుందండీ, బస్ పాసుకే దిక్కులేదు" అంటారు మీరు. ఆ కంపెనీలో చేరిన మన కాలేజీ పిల్లలిద్దర్నీ హైదరాబాదు వెళ్ళినప్పుడు కలిశాను. బయట వచ్చే జీతం కంటె తక్కువకి పని చేస్తున్నారు. తేడాకి బదులు షేర్లిస్తామన్నారట. "ఎన్ని షేర్లు?" అంటే చెప్పారు. "కంపెనీ మొత్తం షేర్లెన్ని?" అంటే తెల్లమొహం వేశారు. మొత్తం తెలియకుండా మీ భాగం ఎంతో ఎలా తెలుస్తుంది? ఇచ్చామన్న షేర్లు కనీసం ఒక ఏడాది దాటితే గాని మీవి కావని, చాలాచోట్ల నాలుగేళ్ళ మీద కొంచెం కొంచెంగా వస్తాయని, మధ్యలో మానేస్తే మిగతావి పోతాయని, చేతికొచ్చే రోజున సాధారణంగా జీతంలాగే పన్ను కట్టాలని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నేను పెట్టింది అయిదు లక్షలు. వాళ్ళు పెట్టింది ఇరవై రెండేళ్ళ నుంచి ఇరవై ఆరేళ్ళ దాకా వయసు. ఇద్దరిలో పెద్ద పెట్టుబడిదారు ఎవరు? నా డబ్బు పోతే మా ఆవిడ నాలుగు మాటలంటుంది, పెన్షను వస్తుంది. వాళ్ళకి ఆ నాలుగేళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

చిన్న కంపెనీల్లో చేరవద్దని నేననడం లేదు. పెద్ద కంపెనీలో పదేళ్ళకి రాని పని చిన్న కంపెనీలో రెండేళ్ళకి వస్తుంది. ఆ ఇద్దరు పిల్లలూ మందుల షాపు కౌంటరు వెనకాల నిలబడి సరుకు లెక్క నేర్చుకున్నారు. కంపెనీ పోయినా ఆ విద్య పోదు. చేరండి. కానీ నేను ఉత్తరంలో వ్రాసిన ఆ నాలుగు ప్రశ్నలూ ఇంటర్వ్యూలో మీరు కూడా అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే యజమాని దగ్గర పని చెయ్యకపోవడమే మంచిది.

అధ్యాపకులకి కూడా ఒక విన్నపం. మన కాలేజీలో కంప్యూటర్లు చదివే పిల్లలకి కామర్స్ బ్లాకు ఏ దిక్కునుందో తెలియదు. కామర్స్ వాళ్ళకి కంప్యూటర్ ల్యాబు సంగతి అంతే. ఏడాదికి పది క్లాసులైనా ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక చిన్న కంపెనీ బాలెన్స్ షీటు ముందు పెట్టి, ఇది ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పమనండి. పిలిస్తే నేనూ వస్తాను. ఫీజు అక్కర్లేదు, క్యాంటీనులో ఇడ్లీ చాలు.

మావాడి జవాబు ఇంకా రాలేదు. అంకెలు పోగు చేస్తున్నానని కబురు మాత్రం పంపాడు. అది మంచి సూచనే అనుకుంటున్నాను. వచ్చే సావనీరు నాటికి నేనూ, ఆ కంపెనీ ఇద్దరం బాగుంటే, ఆ అంకెలు ఏం చెప్పాయో మీకు తప్పకుండా వ్రాస్తాను.